ఆదివారం మైదానం, సోమవారం ఊపిరి



నాందేడు హాకీ పోటీల సంగతి మన ధర్మాబాద్ వాళ్లకు కొత్తగా చెప్పనవసరం లేదు. గురు గోవింద్ సింగ్ 1708లో తనువు చాలించిన ఊరు నాందేడు. ఆయన జయంతి వచ్చే రోజుల్లో, డిసెంబరు చివరనో జనవరి మొదట్లోనో, ఆయన పేరు మీద గోల్డ్ కప్పు, సిల్వర్ కప్పు హాకీ పోటీలు అక్కడ ఎన్నో ఏళ్లుగా జరుగుతున్నవి. దేశం నలుమూలల నుంచి జట్లు వస్తున్నవి. మేము కూడా వీలు దొరికిన ఏడల్లా ప్యాసింజరు బండి ఎక్కి, ఉమ్రి, ముద్‌ఖేడ్ దాటి, ఒక రోజు కూలీ పోగొట్టుకొని ఆ ఆట చూసి వస్తున్నాము. జొన్నరొట్టె, ధర్మాబాద్ మిరపకారం మూటకట్టుకొని పోతాము కాబట్టి తిండి ఖర్చు లేదు.

మొన్నటి చలికాలం నలుగురం పోయాము. ఆట సగమయి ఆటగాళ్లు నీళ్లు తాగుతుండగా మాలో ఒకాయన మెల్లగా ఒక మాట అన్నాడు. ఆయన పేరు ఇక్కడ రాయడం లేదు, ఎందుకు రాయడం లేదో ముందు ముందు మీకే తెలుస్తుంది. నూలు మిల్లులో కార్డింగు ఖాతాలో ఇరవై ఆరేళ్ల సర్వీసు. వయసు యాభై రెండు. ఒకప్పుడు మా మిల్లు జట్టుకు సెంటర్ హాఫ్.

"సెక్రెటరీ సాబ్, మద్రాసుల నలభై దాటినోళ్లకు హాకీ కప్పు పెట్టిన్రట. దేశం తరఫున గూడ ముసలోళ్ల జట్లు ఆడుతయట. మనం ఆడరాదా?"

పక్కనున్న ఇద్దరూ పకపకా నవ్వారు. "పోతవ్ కాకా, అంబులెన్సుల వాపస్ వస్తవ్" అన్నాడు ఒకడు. ఆయన కూడా నవ్వాడు. మేము కూడా నవ్వాము. తిరుగు బండిలో ఉమ్రి దాటిన తరువాత మాత్రం ఆ నవ్వు మాకే రుచించలేదు. ఇంతకీ ఆయన అడిగినదాంట్లో నవ్వవలసినది ఏమున్నది? ఈ వ్యాసం ఆ ఆలోచన మీద రాస్తున్నదే.

ఆయన చెప్పింది నిజమే. 2025 జూన్ 18 నుంచి 27 వరకు చెన్నైలో మేయర్ రాధాకృష్ణన్ స్టేడియంలో హాకీ ఇండియా మొదటిసారి మాస్టర్స్ కప్పు జరిపింది. మగవాళ్లలో నలభై దాటినవారికి, ఆడవాళ్లలో ముప్పై అయిదు దాటినవారికి. మగవాళ్ల కప్పు తమిళనాడు జట్టుకు, ఆడవాళ్ల కప్పు ఒడిశా జట్టుకు పోయింది. మన దేశంలో ఇది కొత్త గాని బయటి దేశాల్లో పాత సంగతి. అన్ని ఆటలూ కలిపి పెద్దవయసు వాళ్లకు ప్రపంచ మాస్టర్స్ క్రీడలు 1985లోనే కెనడాలోని టొరంటోలో మొదలయినవి. హాకీకైతే వేరే అంతర్జాతీయ సంస్థ, వేరే ప్రపంచ కప్పులు ఉన్నవి. వాళ్ల పద్ధతి ఏమిటంటే ఈడుకు ఈడు. ముప్పై అయిదు దాటినవారు, నలభై దాటినవారు, నలభై అయిదు, యాభై, ఇట్లా అయిదేళ్లకొక మెట్టు. అరవై దాటితే గ్రాండ్ మాస్టర్స్ అంటారు. డెబ్బై దాటినవారికి, డెబ్బై అయిదు దాటినవారికి కూడా జట్లున్నవి. డెబ్బై అయిదేళ్ల మనిషి తన దేశం చొక్కా వేసుకొని, బంతి వెంట పరుగెత్తి, సాయంత్రం మోకాలికి పట్టీ కట్టుకొని, మర్నాడు మళ్లీ దిగుతున్నాడు.

ఇందులో వింత ఏమీ లేదు. హాకీలో ఎన్నిసార్లయినా మనిషిని బయటికి పిలిచి ఇంకొకరిని దింపే వీలు 1992 నుంచి ఉన్నది. అలిసినవాడు పది నిమిషాలు కూర్చొని మళ్లీ పోవచ్చు. పైగా పడుచువాడు కాళ్లతో ఆడేది పెద్దవాడు చూపుతో ఆడతాడు. బంతి ఎక్కడికి రాబోతుందో ముందే అక్కడ నిలబడి ఉంటాడు. మనలో పాత జాబర్లను చూడండి. దారం తెగకముందే ఏ ఫ్రేము వద్ద తెగుతుందో ఆ చప్పుడును బట్టి చెప్పేవాళ్లు ఉన్నారు. ఇదీ అటువంటిదే.

ధ్యాన్‌చంద్ సంగతి చాలామందికి 1928, 1932, 1936 ఒలింపిక్ పతకాల వరకే తెలుసు. 1922లో మామూలు సిపాయిగా సైన్యంలో చేరిన మనిషి ఆయన. పెద్ద చదువు లేదు, ఆస్తి లేదు. 1905లో పుట్టిన ఆయన తూర్పు ఆఫ్రికా పర్యటనకు జట్టును తీసుకొనిపోయేటప్పటికి నలభై రెండేళ్లు నిండినవి. అక్కడ 22 ఆటల్లో 61 గోళ్లు చేశాడు. నలభై దాటినవారికి వేరే పోటీ కాదు అది, పడుచు వాళ్లతో కలిసి ఆడిన ఆట. ఆ వయసులో ఆయనకు అది ఎట్లా చేతనయింది? ఆయన గొప్పతనం ఒకటి, కాదనడం లేదు. రెండోది కూడా చెప్పుకోవాలి. సిపాయికి పొద్దున్నే మైదానం ఉండేది. ఆడడం అతని డ్యూటీలో భాగంగా ఉండేది. వారి బారకాసులో దూదిపొట్టు లేదు.

ధన్‌రాజ్ పిళ్లే మన పూణే పక్క ఖడ్కీలో పుట్టినవాడు. తండ్రి ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ మైదానాన్ని చూసుకొనే మనిషి. విరిగిన కర్రలు, పారేసిన బంతులతో ఆ కార్మికుల కాలనీ దుమ్ములోనే అన్నదమ్ములు ఆట నేర్చుకున్నారు. ఆ ధన్‌రాజే 1992 నుంచి 2004 దాకా నాలుగు ఒలింపిక్సులు ఆడాడు. చివరిదానికి వయసు ముప్పై ఆరు. మన తెలుగువాడు, హైదరాబాదు ముకేశ్ కుమార్ మూడు ఒలింపిక్సులు ఆడాడు, 1992, 1996, 2000. బీదవాని ఇంట ఆట పుట్టదని ఎవరూ అనలేరు. మైదానం ఉంటే పుడుతుంది. అయితే నలభై తరువాత అది బతకడమే బీదవాని ఇంట కష్టం. మేము చెప్పదలచుకున్నది అదే.

మా కథ కొంచెం చెబుతాము. పదో తరగతి పాసయి పద్దెనిమిదో ఏట మిల్లు గేటు లోపల అడుగుపెట్టాము, బదిలీ కార్మికునిగా. తొంభైలలో ఆ మిల్లులో హాకీ జట్టు ఉండేది. పదకొండు మందికి కర్రలు ఏడు. మిగిలినవి వంగిన తుమ్మకొమ్మలు నిప్పుమీద వెచ్చచేసి, చెక్కి, చివరన గుడ్డ చుట్టి చేసుకున్నవి. గోల్‌కీపరు కాళ్లకు కట్టుకునే ప్యాడ్లు దూది బస్తా గోనెతో కుట్టినవి. నాందేడు గురుద్వారా పక్క సర్దార్జీ పిల్లలతో ఆడితే ఎనిమిది గోళ్లతో ఓడిపోయేవాళ్లం, తరువాత వాళ్లే మాకు టీ తాగించేవాళ్లు. ఆగస్టు పదిహేనున యాజమాన్యం వారు మాకు చొక్కాలు ఇచ్చి, మధ్యన కూర్చొని ఫోటో దిగేవారు. ఆట కోసం షిఫ్టు పోతే మాత్రం ఆ రోజు కూలీ కోసేవారు. ఆ ఫోటో ఇప్పటికీ మా సంఘం ఆఫీసు గోడ మీద ఉన్నది. అందులో నిలబడ్డ పద్నాలుగు మందిలో ఈరోజు పరుగెత్తగలిగినవారు ముగ్గురు. నలుగురు కాలం చేశారు. వారిలో ఒక్కడికి మాత్రమే అరవై నిండినవి.

మైదానాలు కూడా పోయినవి. నిజాం కాలంలో నాందేడులో ఉస్మాన్‌షాహీ మిల్లు, ఓరుగల్లులో 1934లో ఆజంజాహి మిల్లు వచ్చినవి. మన తాతలు, తండ్రులు వాటి సైరను విని లేచినవాళ్లే. ఆజంజాహి 1990లో మూతపడింది, తరువాత ఉస్మాన్‌షాహీ కూడా మూగపోయింది. ముంబైలో 1982 జనవరి 18న మొదలయిన సమ్మెలో మన తెలుగువాళ్లు ఎందరున్నారో మీకు తెలుసు. ఆ మిల్లుల స్థలాల్లో ఈరోజు షాపింగు మాళ్లున్నవి. మిల్లు పోయినప్పుడు ఉద్యోగం పోయిందని అందరం ఏడ్చాము, న్యాయమే. మిల్లుతోపాటు కాలనీ పోయింది, కాలనీతోపాటు పిల్లలూ పెద్దలూ సాయంత్రం చేరే జాగా పోయింది. దాని కోసం ఏడ్చినవాళ్లు తక్కువ. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ నుంచి పెద్ద హాకీ గడ్డి మీద నుంచి ప్లాస్టిక్ తివాచీ మీదికి పోయింది. ఆ ఏడు మన దేశం ఏడో స్థానానికి పడిపోయింది. ఆ తివాచీ ధరకు మన తాలూకాలో బడులు కట్టవచ్చు. అందుకని ఇప్పుడు పెద్ద పోటీలో ఆడాలంటే ముందు అటువంటి మైదానం ఉన్న ఊరికి పోవాలి.

ఇక అసలు లెక్కకు వద్దాము. పెద్దవయసు అంతర్జాతీయ హాకీకి ప్రభుత్వాలు డబ్బు పెట్టవు. దాదాపు అన్ని దేశాల్లోనూ ఆటగాడే తన టికెట్టు, తన బస, తన చొక్కా ఖర్చు పెట్టుకుంటాడు. అందుచేత ఆ జట్లలో డాక్టర్లు, వ్యాపారులు, ఆఫీసర్లు, పింఛను బాగా వచ్చేవాళ్లు కనబడితే ఆశ్చర్యం లేదు. అది వారి నేరం అని మేము అనడం లేదు. తన డబ్బుతో తాను ఆడుకునేవానిని నిందించడం సంఘం పని కాదు. కాని ఆ జట్టులోకి కార్మికుడు పోవాలంటే ఏమి కావాలో ఒకసారి చూడండి.

విమానం సంగతి పక్కన పెట్టండి, చెన్నై దాకానే పోదాము. పోటీ పది రోజులు. రాకపోకలకు ఇంకో మూడు. మొత్తం పదమూడు. 1948 ఫ్యాక్టరీల చట్టం ప్రకారం ఏడాదిలో 240 రోజులు పని చేసినవానికి ఇరవై రోజులకు ఒక రోజు చొప్పున జీతంతో కూడిన సెలవు వచ్చేది. 240 రోజులకు పన్నెండు సెలవులు. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త కోడ్‌లో 240కి బదులు 180 రోజులు చాలునన్నారు, లెక్క మాత్రం అదే, ఇరవైకి ఒకటి. అంటే ఏడాది సెలవులన్నీ కలిపి ఒక్క పోటీకి చాలీచాలవు. బిడ్డ పెండ్లి, తండ్రి దినాలు, పొలం తగాదా, జ్వరం, వీటన్నిటికీ ఇక ఏమి మిగులుతుంది? బదిలీ వాళ్లకు, కాంట్రాక్టు వాళ్లకు ఆ పన్నెండు కూడా కాగితం మీదనే. జిన్నింగు వాళ్ల సంగతి ఇంకా విచిత్రం. పత్తి వచ్చే సీజనులోనే వాళ్లకు పని. జూను నెలలో సెలవు అడగనవసరమే లేదు, కావలసినంత సెలవు. టికెట్టు కొనే డబ్బు మాత్రం ఉండదు.

మన వాళ్లలోనే కొందరు ఇంకో మాట అంటున్నారు. "ఎనిమిది గంటలు ఫ్రేముల మధ్య నడిచేటోనికి మళ్లీ ఆటలేంది? మా పనే మాకు కసరత్తు." ఈ మాట మేము కూడా చాలా ఏళ్లు అన్నదే, గేటు మీటింగులో కూడా అన్నాము. అది తప్పు అని ఇప్పుడు ఒప్పుకుంటున్నాము. డెన్మార్కులో కోపెన్‌హాగన్‌లో లక్షకు పైగా మనుషుల్ని ఏళ్ల తరబడి గమనించి 2021లో ఒక పెద్ద పరిశోధన వెలువరించారు. తీరిక వేళ ఒళ్లు వంచి ఆడేవారికి, నడిచేవారికి గుండెజబ్బు, ముందుగా చనిపోయే ప్రమాదం తగ్గినవి. పనిలో భారంగా ఒళ్లు వంచేవారికి అవే పెరిగినవి. ఒళ్లు అదే, చెమట అదే, ఫలితం మాత్రం తలక్రిందులు. పనిలో మనకు వేగం మన చేతిలో లేదు, ఆగడం మన చేతిలో లేదు. బేలు మోసే హమాలీకి నడుము పట్టేసిందని ప్రెస్సు ఆగదు. ఆటలో అలిసినవాడు చెయ్యెత్తి బయటికి వస్తాడు, వేరొకడు పోతాడు. అందుకని ఎంత పని చేసినా ఆ లెక్కలో మనకు ఆట జమ పడదు.

ఇప్పుడు ఆ కార్డింగు ఆయన దగ్గరికి తిరిగి వస్తాము. నాందేడు నుంచి వచ్చిన తరువాత మేము సంఘం తరఫున నలభై దాటినవాళ్లను పోగుచేసి ఆదివారం పొద్దున ఆట మొదలుపెట్టాము. మొదటి వారం తొమ్మిది మంది, నాలుగో వారానికి పంతొమ్మిది మంది. నవ్విన ఇద్దరూ కూడా వచ్చారు. ఆయన ఆట చూడవలసినదే. పరుగు తగ్గింది గాని కర్ర మీద చెయ్యి తగ్గలేదు. బంతిని ఎదుటివాని కర్ర కిందనుంచి తీసుకొని, తల ఎత్తి చూసి, అటు పక్క ఖాళీలోకి పంపిస్తే పడుచు వాళ్లు నోరు తెరిచి చూశారు. ఆట ముగిసి చెట్టు కింద కూర్చున్నప్పుడు మామూలుగానే ఊపిరి తీస్తున్నాడు, మాకంటె బాగానే.

మరునాడు సోమవారం షిఫ్టు వదిలే వేళకు గేటు దగ్గర మేము కరపత్రాలు పంచుతున్నాము. ఆయన గోడ పట్టుకొని నిలబడి ఉన్నాడు. ఛాతి మీద ఎవరో కూర్చున్నట్లు ఉన్నదన్నాడు. "నిన్నటి ఆట దెబ్బ" అన్నాము. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఆట ఆడకముందు నించి ఉన్నది సాబ్. సోమవారం పడుతది, మంగళవారం జర నయం, బుధవారానికి పోతది. మల్ల సోమవారం వస్తది. ఏడెనిమిదేండ్ల సంది గిట్లనే."

సోదరులారా, ఇరవై ఏళ్లకు పైగా కార్మికుల మధ్య తిరిగిన మేము ఈ మాట ఎన్నిసార్లు విని ఉంటాము! సోమవారం పని మీదికి రావడానికి బద్ధకం అని మేనేజరు అంటే కొన్నిసార్లు మేము కూడా లోలోపల నిజమేనేమో అనుకున్నాము. కాదు. ఇది ఒక జబ్బు. దీని పేరు బైసినోసిస్. పత్తి, అవిసె, జనుము నార ధూళి పీల్చేవారికి వస్తుంది. ఆ నారలు దువ్వేవారి దగ్గును గురించి ఇటలీ వైద్యుడు రామజ్జీని 1700లోనే తన పుస్తకంలో రాశాడు. ఇంగ్లండులో మిల్లు కార్మికులకు దీనికి నష్టపరిహారం 1940ల మొదట్లో వచ్చింది. అమెరికాలో పత్తి ధూళికి 1978లో హద్దు పెట్టారు. మిల్లు యజమానులు కోర్టుకు పోతే 1981లో అక్కడి సుప్రీం కోర్టు ఆ హద్దే నిలబెట్టింది. మన దేశంలో కూడా పని వలన వచ్చే జబ్బుల జాబితాలో, పరిహార చట్టంలో, దీని పేరు ఉన్నది. జాబితాలో ఉన్నది, ఖాతాలో ఉన్న మనిషికి తెలియదు.

దీని గుర్తు సోమవారమే. ఒక రోజు సెలవు తీసుకొని మళ్లీ ధూళిలోకి పోయిన మొదటి రోజు ఛాతి బిగుస్తుంది. మొదట్లో సోమవారం ఒక్కటే. ఏళ్లు గడిచేకొద్దీ మంగళవారం, బుధవారం, తరువాత వారమంతా. అప్పటికి ఊపిరితిత్తులు బాగు కాని స్థితికి పోతవి. మొదటి మెట్టు మీద కనిపెట్టి ధూళి నుంచి తప్పిస్తే మనిషి కోలుకుంటాడు. బ్లో రూం, కార్డింగు వాళ్లకు ఇది ఎక్కువ. జిన్నింగులో కూడా ఉన్నది. బీడీ, సిగరెట్టు తాగేవారికి మరీ త్వరగా ముదురుతుంది. ఈ మాట రాస్తున్నప్పుడు సంఘం ఆఫీసు బల్ల మీద ఉన్న బూడిద గిన్నె మా వైపే చూస్తున్నది. దాన్ని తీసివేశాము, ఎన్నాళ్లో చూడాలి. బెల్లం ముక్క తింటే ధూళి దిగిపోతుందని మనకు పెద్దలు చెప్పారు, మిల్లులో పంచారు కూడా. బెల్లం కడుపులోకి పోతుంది. ధూళి పోయినది ఊపిరితిత్తుల్లోకి. రెండింటి దారులు వేరు.

పరీక్ష కష్టమయినది కాదు. ఒక గొట్టంలోకి బలంగా ఊదమంటారు. ఎంత గాలి, ఎంత వేగంగా బయటికి వచ్చిందో మిషను రాస్తుంది. దాన్ని సోమవారం షిఫ్టు ఎక్కేముందు ఒకసారి, షిఫ్టు దిగిన తరువాత ఒకసారి చేయాలి. రెండు అంకెల మధ్య తేడా చూస్తే పని మనిషికి ఏమి చేసిందో తెలుస్తుంది. బుధవారం మధ్యాహ్నం ఒక్కసారి ఊదించి బాగానే ఉన్నాడని సంతకం పెడితే అది పరీక్ష కాదు.

మా కార్డింగు ఆయన ఈ పరీక్షకు ఒప్పుకోలేదు. భయం. "తెలిస్తే తీసేస్తరు సాబ్. కూతురు పెండ్లి అయిందాక ఆగుండ్రి." పేరు రాయనిది అందుకే. మా కమిటీలో కూడా రెండు అభిప్రాయాలు వచ్చినవి. మనిషికి ఏదయినా అయితే సంఘం మీదికి వస్తుంది, ముందు ఆయనను ఆట మానిపించాలి అని కొందరు. ఆదివారం ఒక్కపూట ఆయన సంతోషంగా ఉంటాడు, అది కూడా తీసేస్తే ఎట్లా అని కొందరు. మేము రెండో పక్షం వైపు మొగ్గినా మొదటి పక్షం మాటను కొట్టివేయలేము. ఛాతిలో బిగువు ఉన్న మనిషిని పరీక్ష లేకుండా గంటసేపు పరుగెత్తించడం తప్పే. చివరకు అనుకున్నది ఏమంటే, పరీక్ష అయ్యేదాకా ఆయన గోలు దగ్గర నిలబడి కుర్రవాళ్లకు ఆట చెప్పాలి, మధ్యలోకి దిగరాదు. ఆయన దానికి సరేనన్నాడు గాని ముఖం మాడింది. మూడో ఆదివారం ఎవరూ చూడకుండా దిగాడు కూడా.

చూడండి, ఆడడం వలన ఆయనకు జబ్బు రాలేదు. ఆడబట్టి బయటపడింది. ఆదివారం బాగా పరుగెత్తిన మనిషి సోమవారం గోడ పట్టుకుంటే తప్పు కాళ్లదీ వయసుదీ కాదని మాకు కూడా అర్థమయింది. ఆట లేకపోతే, వయసు మీద పడిందని ఆయన అనుకునేవాడు, మేము కూడా అనుకునేవాళ్లం, డాక్టరు కూడా దగ్గు మందు రాసి పంపేవాడు.

కొత్త కోడ్ అమలులోకి వచ్చిన రోజు కేంద్ర ప్రభుత్వం ఒక సంగతి ప్రకటించింది. నలభై ఏళ్లు దాటిన కార్మికులకు యజమాని ఏటా ఉచితంగా వైద్యపరీక్ష చేయించాలి. ఆ కోడ్ మీద మన సంఘాలకు అభ్యంతరాలు ఎన్నో ఉన్నవి, అవి ఇదివరకే ఈ పత్రికలో రాసుకున్నాము, మళ్లీ రాస్తాము. కాని చేతికి వచ్చినదాన్ని వదలకూడదు. నలభై అన్న అంకె చూడండి. హాకీ వాళ్లు మాస్టర్ అంటున్న వయసుకే సర్కారు మనల్ని ఏటా పరీక్షించవలసినవాళ్లు అంటున్నది. ఆ పరీక్ష బరువు చూసి, బీపీ చూసి, వేలిముద్ర తీసుకొని పంపే తంతు కాకూడదు. బ్లో రూం, కార్డింగు, జిన్నింగు వాళ్లకు సోమవారం రెండు పూటలా ఊపిరి పరీక్ష అందులో ఉండాలి. అంకెలు రాసిన కాగితం కార్మికుని చేతికి ఇవ్వాలి. ధూళికి పడనివానిని అదే జీతంతో వేరే ఖాతాకు మార్చాలి, గేటు బయటికి కాదు. ఈ మూడూ రాసి యాజమాన్యాలకు ఇస్తున్నాము. మూడోది ఒప్పుకోకపోతే మొదటి రెండూ వృథా. పరీక్ష చేయించుకొమ్మని మా కార్డింగు ఆయనకు చెప్పే ముఖం మాకు ఉండదు.

ఆడవాళ్ల సంగతి చెప్పకపోతే ఈ వ్యాసం సగమే. హాకీ మాస్టర్సులో ఆడవాళ్లకు ముప్పై అయిదు అన్నాము గదా. జిన్నింగులో పత్తి ఏరే ఒక చెల్లెమ్మ ఈ సంగతి విని అడిగింది, "అన్నా, మీరు ఆదివారం ఆడుకుంటరు. మాకు ఆదివారం ఎప్పుడొస్తది?" ఆదివారం ఇంట్లో బట్టలు, నీళ్లు, పిండి, వచ్చిపోయే చుట్టాలు. మేము మైదానానికి పోతున్నామంటే మా ఇంట్లో ఆ వేళకు టీ పెట్టినవారు ఎవరు? జవాబు చెప్పలేక తల గోక్కున్నాము. ఆమె బడి రోజుల్లో ఖోఖో ఆడిందట, జిల్లా దాకా పోయిందట. ఇరవై ఏళ్లుగా కలిసి ఊరేగింపుల్లో నడుస్తున్నాము, మాకు ఆ సంగతే తెలియదు. ప్రస్తుతానికి ఒక గంట వాళ్లకని విడిచిపెట్టాము. ఇద్దరే వచ్చారు. ఆ రోజు ఇంటి పని మగవాళ్లు చేస్తే ఎక్కువమంది వస్తారని ఆమె ముఖం మీదనే చెప్పింది. కమిటీ సభ్యులు ఈ మాటను చదివి ఊరుకోకుండా ఇంట్లో కూడా చదివి వినిపించాలి.

చెన్నైకి ఎవరయినా పోతారా అని అడుగుతున్నారు. రాష్ట్ర జట్టుకు ఎంపిక కావడం చిన్న మాట కాదు, రోజూ తివాచీ మీద ఆడేవాళ్లు ఉన్నారు. మా పంతొమ్మిది మందిలో ఆ మాత్రం ఆట ఉన్నవాడు ఒక్కడే. ఆయన ఎవరో మీకు చెప్పనక్కరలేదు. ఆయన ఊపిరి కాగితం బాగుంటే, ఎంపికకు పిలుపు వస్తే, బండి టికెట్టు, పోయిన రోజుల కూలీ సంఘం నిధి నుంచి ఇవ్వాలని కమిటీలో మాట వచ్చింది. నిధి సమ్మె రోజులకు గాని ఆటలకు కాదని ఇద్దరు అడ్డు చెప్పారు. వాళ్ల మాటలో కూడా బలం ఉన్నది. వచ్చే సర్వసభ్య సమావేశంలో మీరే తేల్చాలి. మా అభిప్రాయం అడిగితే, ఇవ్వాలనే అంటాము.

మొన్న గురువారం రాత్రి ఆయన ఆఫీసుకు వచ్చాడు. ఎక్కువసేపు కూర్చోలేదు. పరీక్షకు పేరు రాసుకోమన్నాడు, మొదటి పేరు కాకుండా మధ్యలో ఎక్కడో రాయమన్నాడు. ఇంకా ఆరుగురు పేర్లు వస్తే ఆయన పేరు మధ్యకు వస్తుంది.

బ్లో రూం, కార్డింగు, జిన్నింగు, ప్రెస్సింగు వాళ్లు ఈ శనివారం లోపల ఆఫీసులో పేర్లు ఇవ్వండి. పేర్లు బయట పెట్టము. పరీక్ష సోమవారమే, షిఫ్టుకు ముందు ఒకసారి, తరువాత ఒకసారి, రెండుసార్లూ రావాలి. ఆట ఆదివారం పొద్దున ఆరున్నరకు. చెప్పులతో రావద్దు, కాన్వాసు బూట్లు వేసుకొని రండి. కర్రలు పదమూడు ఉన్నవి, తుమ్మకొమ్మలు కాకుండా.